ఎం.ఎస్.లో ఇమ్యూనిటీని తుడిచేసే చికిత్స: ఎవరు కోలుకుంటారు, ఎందుకు?

(ఎం.ఎస్., అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న పేషెంట్లు, వాళ్ల కుటుంబ సభ్యుల సమావేశంలో ఒక న్యూరాలజిస్టు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే. ముందు ఒక చిన్న పని. ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొంచెం పక్కకి జరిగి, ఎం.ఎస్. ఉన్నవాళ్లకి ఆ కుర్చీలు ఇవ్వండి. ఈ జబ్బుకి వేడి పడదు. మొహమాటం వద్దమ్మా, వచ్చి కూర్చోండి.

ఈ వేడి సంగతితోనే మొదలుపెడతాను. ఎండలో తిరిగొస్తే చూపు మసకబారడం, వేడినీళ్ల స్నానం చేశాక కాళ్లు తేలిపోవడం మీలో చాలామందికి అనుభవమే కదా? కాసేపు చల్లగా కూర్చుంటే మళ్లీ మామూలైపోతుంది. 1890లో విల్‌హెల్మ్ ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు దీన్ని గమనించి రాశాడు. ఎందుకిలా అవుతుంది? నరం చుట్టూ మైలిన్ అని కొవ్వు తొడుగు ఒకటి ఉంటుంది. ఎం.ఎస్.లో మన ఇమ్యూనిటీయే దాన్ని కొరికేస్తుంది. తొడుగు పలచబడ్డ నరం ఎలాగోలా నెట్టుకొస్తూ ఉంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగితే చాలు, సంకేతం మధ్యలో ఆగిపోతుంది. ఒళ్లు చల్లబడగానే మళ్లీ నడుస్తుంది. అంటే ఏమిటి? ఆ నరం చచ్చిపోలేదు. బతికే ఉంది, పని చేయలేకపోతోంది, అంతే. చచ్చిపోయిన నరం వేరు, బతికుండి పని చేయలేని నరం వేరు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. మధ్యలో మళ్లీ మళ్లీ దీన్నే తెస్తాను, విసుక్కోకండి.

నా దగ్గరికి వచ్చే కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే పాడైన నరాలు మళ్లీ మొలుస్తాయటగా?" యూట్యూబ్‌లో చూసి ఉంటారు. లేదా ఎవరో బంధువు వాట్సాప్‌లో పంపి ఉంటారు. మొలవవండీ. ఎం.ఎస్.కి పేరున్న సెంటర్లలో చేసే స్టెమ్ సెల్ చికిత్సలో ఆ కణాలు నరాలుగా మారవు, మెదడులోకి వెళ్లి రిపేరు చేయవు. అవి రక్తాన్ని తయారుచేసే కణాలు, రక్తాన్నే తయారుచేస్తాయి. మరి దాంతో కొంతమంది కర్ర వదిలేసి నడిచారని వింటున్నామే, అది అబద్ధమా? కాదు. అదీ నిజమే. రెండూ ఎలా నిజమవుతాయో చెప్పడానికే వచ్చాను.

అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనం నుంచి చూద్దాం. 2008లో వచ్చింది. డగ్లస్ కెర్ అనే న్యూరాలజిస్టు, రాబర్ట్ బ్రాడ్‌స్కీ అనే రక్త నిపుణుడు అందులో ఉన్నారు. తీసుకున్నది తొమ్మిదిమందినే. కానీ ఆ తొమ్మిదిమందికీ జబ్బు ఉధృతంగా ఉంది. వాళ్లకి సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చారు. ఇది కొత్త మందేం కాదు, 1950ల చివరి నుంచి క్యాన్సర్‌కి వాడుతున్నదే. దీని వంశం అడిగితే భయపడతారు, మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన మస్టర్డ్ గ్యాస్‌కి దూరపు చుట్టం.

మందు పాతదే, మోతాదు కొత్తది. కిలో బరువుకి 50 మిల్లీగ్రాములు, రోజుకొకసారి, వరసగా నాలుగు రోజులు. లెక్కేయండి. 60 కిలోల మనిషికి రోజుకి 3 గ్రాములు, నాలుగు రోజులకి 12 గ్రాములు. మామూలుగా లూపస్‌కో, కిడ్నీ జబ్బుకో నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ సుమారు ఒక గ్రాము ఉంటుంది. తేడా చూశారా? ఇది ఇమ్యూనిటీని కాస్త తగ్గించడం కాదు. ఉన్నదాన్ని దాదాపు తుడిచిపెట్టేయడం.

అంత మందు ఇస్తే మనిషి బతుకుతాడా? న్యాయమైన ప్రశ్న. ఇక్కడే ఆ మందులో ఒక విశేషం ఉంది. ఎముక మూలుగులో ఉండే రక్త మూలకణాల్లో, అంటే స్టెమ్ సెల్స్‌లో, ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది. పేరు మరిచిపోయినా ఫర్వాలేదు, పరీక్ష పెట్టను. ఆ ఎంజైమ్ ఈ మందుని విరిచేస్తుంది. అందుకని మూలకణాలు బతికిపోతాయి. మైలిన్ మీద పగబట్టిన లింఫోసైట్లలో, అంటే దాడి చేసే తెల్లకణాల్లో, ఆ ఎంజైమ్ అంతగా ఉండదు, అవి పోతాయి. తర్వాత ఆ మూలకణాల నుంచే కొత్త రక్తం, కొత్త ఇమ్యూనిటీ పుట్టుకొస్తాయి. బ్రాడ్‌స్కీ ఇదే పద్ధతిని అంతకుముందు ఎప్లాస్టిక్ ఎనీమియాలో, అంటే మూలుగు రక్తం తయారుచేయలేకపోయే జబ్బులో, వాడి ఉన్నాడు, అక్కడి అనుభవమే ఇక్కడ పనికొచ్చింది.

ఫలితం ఏమిటి? దాదాపు రెండేళ్లు గమనించారు. వైకల్యాన్ని కొలిచే స్కోరులో సగటున 39 శాతం దాకా మెరుగుదల కనిపించింది. జబ్బు పెరగడం ఆగింది అని కాదు నేనంటున్నది. తగ్గింది అంటున్నాను. అప్పటిదాకా మా న్యూరాలజీలో ఎం.ఎస్. మందు బాగా పనిచేసింది అంటే అర్థం, జబ్బు పెరిగే వేగం తగ్గిందని. పోయింది తిరిగి రావడం గురించి ఎవరమూ పెద్దగా మాట్లాడేవాళ్లం కాదు. అయితే ఒకటి, తొమ్మిదిమందే. పోల్చి చూడడానికి ఇంకో గుంపు లేదు. కాబట్టి దీన్ని రుజువు అనకూడదు, ఒక దారి కనిపించింది అనాలి.

ఇక స్టెమ్ సెల్ మార్పిడి సంగతి. ఇది దానికంటే ముందే మొదలైంది. 1995లో గ్రీస్‌లోని థెస్సలోనికిలో అథనాసియోస్ ఫస్సాస్ బృందం ఎం.ఎస్.కి మొదటిసారి చేసింది. పద్ధతి ఇలా ఉంటుంది. ముందు మందులతో మూలకణాలను మూలుగులోంచి రక్తంలోకి రప్పిస్తారు. ప్లేట్‌లెట్లు తీసే మిషన్ లాంటి దాంతో వాటిని వేరుచేసి ఫ్రీజ్ చేస్తారు. తర్వాత గట్టి కీమో. ఆ తర్వాత దాచిన కణాలను సెలైన్ లాగా చేతికి ఎక్కిస్తారు. ఎవరి కణాలు వాళ్లవే, దాత అక్కర్లేదు.

మనం వ్యవసాయం తెలిసినవాళ్లం కాబట్టి ఇలా అనుకోండి. చేనంతా కలుపు పట్టేసింది, పీకితే పోయేలా లేదు. విత్తనాలు కొన్ని గాదెలో దాచుకుని, చేను మొత్తం దున్నిపారేసి, కొత్తగా నాటుతున్నాం. కలుపుని చంపింది ఏది? నాగలి. విత్తనం కాదు. ఈ చికిత్సలో నాగలి కీమో, విత్తనం స్టెమ్ సెల్. హాప్కిన్స్ వాళ్లయితే గాదెలో దాచనే లేదు, నేలలో ఉన్న విత్తనమే మొలుస్తుందిలే అన్నారు. చికాగోలో ఈ మార్పిడి చేసిన రిచర్డ్ బర్ట్ అనే డాక్టరు వాడింది కూడా అదే సైక్లోఫాస్ఫమైడ్, మొత్తం కలిపితే అదే మోతాదు, కిలోకి 200 మిల్లీగ్రాములు. దాంతోపాటు లింఫోసైట్లని చంపే ఇంకో మందు. దాచిన కణాలు ఎందుకంటే, రక్తకణాలు త్వరగా కోలుకుని, ఇన్ఫెక్షన్ భయం ఉండే రోజులు తగ్గడానికి. పనిచేసేది తుడిచివేత. పేరు మాత్రం స్టెమ్ సెల్‌కి వచ్చింది. అందుకే జనానికి ఇంత గందరగోళం.

ఈ బర్ట్ గారి కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది రెండు పేపర్లు. ఒకటి 2003లో, ఇంకోటి 2009లో. రెండింటిలోనూ 21 మందే పేషెంట్లు. చేసిందీ ఆయనే. కానీ ఫలితాలు చూస్తే ఉత్తరానికీ దక్షిణానికీ ఉన్నంత దూరం.

2003లో ఎక్కువగా జబ్బు ముదిరినవాళ్లని తీసుకున్నారు. ఒళ్లంతా రేడియేషన్‌తో కూడిన చాలా బలమైన చికిత్స ఇచ్చారు. వైకల్యం స్కోరు 6 దాటినవాళ్లు, అంటే కర్ర పట్టుకున్నా నడక కష్టమైనవాళ్లు, 12 మంది ఉన్నారు. వాళ్లలో 8 మందికి జబ్బు ఇంకా ముదిరింది. అంత కష్టపెట్టి, అంత ప్రమాదంలోకి దించి, ఫలితం అది. ఆయన దాచుకోలేదు, పేపరు శీర్షికలోనే 'విఫలం' అని పెట్టారు.

2009లో ఏం చేశారు? రేడియేషన్ తీసేశారు. చికిత్స తీవ్రత తగ్గించారు, పెంచలేదు, గమనించండి. పేషెంట్లని మార్చారు. అటాక్ వచ్చి, కొంత కోలుకుని, మళ్లీ అటాక్ వచ్చే దశలో ఉన్నవాళ్లని తీసుకున్నారు. 21 మందిలో 17 మందికి స్కోరు కనీసం ఒక పాయింటు మెరుగైంది. ఒక పాయింటేనా అనకండి. ఆ స్కేలు సున్నా నుంచి 10 దాకా ఉంటుంది. 6 అంటే కర్ర సాయంతో వంద మీటర్లు, 7 అంటే దాదాపు వీల్‌చెయిర్. ఆ మధ్యలో ఒక పాయింటు అంటే జీవితమే మారిపోతుంది.

మందు బలం తగ్గించారు, ఫలితం పెరిగింది. ఎలా? ఇప్పుడు మనం మొదట అనుకున్న తేడా దగ్గరికి రండి. అటాక్‌ల దశలో మెదడులో వాపు ఉంటుంది, మంట ఉంటుంది, తొడుగు ఊడుతూ ఉంటుంది, కానీ లోపలి నరం చాలావరకు బతికే ఉంటుంది. దాడి ఆపేస్తే వాపు దిగుతుంది. మైలిన్ తయారుచేసే కణాల పిల్లకణాలు మెదడులో అందరికీ ఉంటాయి, వాటికి తెరిపి దొరికితే కొంత తొడుగు మళ్లీ కడతాయి. మెదడు కూడా పక్కదారులు వెతుక్కుంటుంది. రిపేరు చేసేది చికిత్స కాదు, శరీరమే. ముదిరిన దశలో మాత్రం చాలా నరాలు అప్పటికే పోయి ఉంటాయి. అక్కడ రక్తంలోంచి కొత్తగా వచ్చి పడే దాడి తక్కువ, లోపల నిదానంగా జరిగే క్షీణతే ఎక్కువ. దాడి లేనిచోట దాడిని ఆపే మందు ఏం చేస్తుంది?

కాబట్టి "ఈ చికిత్స ఎంత బలమైనది?" అన్న ప్రశ్న కంటే "ఎప్పుడు చేశారు?" అన్న ప్రశ్న పెద్దది. మన ఇళ్లలో ఏం చేస్తాం? ముందు చిన్న మందులు, అది పనిచేయకపోతే ఇంకోటి, మధ్యలో ఆయుర్వేదం ఓ ఆర్నెల్లు, మొక్కులు, అన్నీ అయ్యాక ఆఖరి అస్త్రంగా పెద్ద చికిత్స. ఆఖరికి వచ్చేసరికి కాపాడటానికి నరాలు మిగలవు. ఎవర్నీ తప్పుపట్టడం లేదు, డాక్టర్లమైన మేం కూడా చాలాకాలం అలాగే చేశాం.

పోల్చి చూసిన పరీక్ష ఏదైనా ఉందా అంటే, ఉంది. మిస్ట్ అని పేరు. 2019లో ప్రచురించారు. చికాగో, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, స్వీడన్‌లోని ఉప్సాలా, బ్రెజిల్‌లోని సావో పాలో కలిసి చేశాయి. 110 మంది. మందు వాడుతున్నా ఏడాదిలో కనీసం రెండు అటాక్‌లు వచ్చినవాళ్లే. లాటరీ పద్ధతిలో సగం మందికి మార్పిడి, సగం మందికి మందులు. వైకల్యం పెరిగినవాళ్లు మార్పిడి వైపు ముగ్గురు, మందుల వైపు 34 మంది. మొదటి ఏడాదిలో మార్పిడి వాళ్ల సగటు స్కోరు 3.38 నుంచి 2.36కి తగ్గింది, మందుల వాళ్లది 3.31 నుంచి 3.98కి పెరిగింది. మరణాలు లేవు.

ఇంక ఆలోచించేదేముంది, రేపే చేయించుకుందాం అనిపిస్తోంది కదా? ఆగండి. ఆ మందుల గుంపులో ఇప్పుడు మనం వాడే ఆక్రెలిజుమాబ్ లాంటి గట్టి మందులు లేవు. నేటి గట్టి మందుతో పోల్చి చూడాలనే అమెరికాలో, బ్రిటన్‌లో, నార్వేలో, ఇటలీలో విడివిడిగా పరీక్షలు మొదలుపెట్టారు.

ప్రమాదం సంగతి కూడా తేల్చి చెప్పాలి. కెనడాలో ఒట్టావా వాళ్లు ఇంకా బలమైన కీమో వాడారు. 24 మంది. 2016లో వచ్చింది. చికిత్స తర్వాత ఒక్కరికీ అటాక్ రాలేదు, ఎమ్మారైలో ఒక్క కొత్త మచ్చ రాలేదు. అలాంటిది అంతకుముందు ఎవరం వినలేదు. కానీ ఆ 24 మందిలో ఒకరు చికిత్స వల్లే చనిపోయారు. ఎం.ఎస్. అనేది సాధారణంగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వచ్చే జబ్బు. ప్రాణం తీసే జబ్బు కాదు. అలాంటి జబ్బుకి ప్రాణాపాయం ఉన్న చికిత్స చేయడం చిన్న నిర్ణయం కాదు. తొలి రోజుల్లో చేసినవాళ్ల లెక్కలు 13 దేశాల నుంచి తీస్తే, 281 మందిలో 2.8 శాతం మంది మొదటి వంద రోజుల్లో పోయారు. ఆ తర్వాత పేషెంట్లని చూసి ఎంచుకోవడం, అనుభవం పెరగడం వల్ల అది బాగా తగ్గింది. తగ్గింది, సున్నా కాలేదు.

ఆసుపత్రి గదిలో ఎలా ఉంటుందో కూడా తెలియాలి మీకు. మూడు నాలుగు వారాలు. కీమో రోజుల్లో వాంతులు. మూత్రాశయం పాడవకుండా మెస్నా అనే మందు, బాటిళ్ల కొద్దీ సెలైన్, రాత్రంతా బాత్రూమ్‌కి తిరగడమే. దాచిన కణాలు ఎక్కించే రోజున గదంతా వెల్లుల్లి వాసన లాంటిది వస్తుంది. కణాలు గడ్డకట్టినప్పుడు పాడవకుండా కలిపిన మందు వాసన అది, పేషెంటు ఊపిరిలోంచి వస్తుంది. తోడుగా ఉన్నవాళ్లు ఏదో అయిపోయిందని టెన్షన్ పడతారు, ఏమీ కాదు, తగ్గిపోతుంది. ఆ తర్వాత తెల్లకణాలు సున్నాకి పడిపోయిన రోజులు. జ్వరం 38 డిగ్రీలు దాటితే ఆ క్షణమే యాంటీబయాటిక్. ఇంటి నుంచి పచ్చి కూరలు, కోసిన పళ్లు, పచ్చడి జాడీ, ఏవీ తేకూడదు. అమ్మమ్మలు వినరు, నాకు తెలుసు. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది.

మళ్లీ రానివి కూడా ఉంటాయి. సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాల్ని, వీర్యాన్ని దెబ్బతీస్తుంది. ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ, అదీ పిల్లలు పుట్టే వయసులో. అందుకని పెళ్లికాని అమ్మాయైనా సరే, అండాలు దాచుకునే విషయం ముందే మాట్లాడాలి. మన ఇళ్లలో ఈ మాట ఎత్తడానికి తల్లిదండ్రులు ఇబ్బంది పడతారు. డాక్టరు కూడా ఎత్తకపోతే మీరే అడగండి. ఇంకొకటి, మన దేశంలో టీబీ, హెపటైటిస్ బి దాక్కుని ఉంటాయి. ఇమ్యూనిటీ తుడిచేశాక అవి లేచి కూర్చుంటాయి. ముందే పరీక్ష చేయించాలి. చిన్నప్పుడు వేయించిన టీకాల రక్షణ కూడా చాలావరకు పోతుంది, మళ్లీ మొదటి నుంచి వేయించుకోవాలి. కొందరికి థైరాయిడ్ లాంటి వేరే ఆటోఇమ్యూన్ జబ్బు కొత్తగా వస్తుంది.

అసలు జబ్బు ఎం.ఎస్. అవునా కాదా అన్నది కూడా ముందే తేలాలి. మన దగ్గర ఎన్.ఎమ్.ఓ. అని, కంటి నరాన్నీ వెన్నుపామునీ దెబ్బతీసే వేరే జబ్బుని ఎం.ఎస్. అనుకుని ఏళ్ల తరబడి మందులు వాడినవాళ్లని చూశాను. 2004లో దాని యాంటీబాడీ కనిపెట్టాక రక్తపరీక్షతో తేల్చగలుగుతున్నాం. కొన్ని ఎం.ఎస్. మందులు దానికి హాని చేస్తాయి కూడా. ఆ పరీక్ష చేయించకుండా పెద్ద చికిత్స మాట ఎత్తకూడదు.

మరి ఎవరికి ఇది? చిన్న వయసు, జబ్బు మొదలై ఎక్కువ ఏళ్లు కాకపోవడం, మంచి మందు వాడుతున్నా అటాక్‌లు, ఎమ్మారైలో రంగు పట్టే కొత్త మచ్చలు, ఇంకా నడవగలుగుతూ ఉండడం. ఇవన్నీ కలిసినవాళ్లకి. అలాంటివాళ్లు తక్కువే. మిగతావాళ్లకి దారి లేదా? ఉంది, మన ఊళ్లోనే తయారవుతోంది. రిటుక్సిమాబ్ అనే మందుంది, బి లింఫోసైట్లని మాత్రం ఖాళీ చేస్తుంది. దాని బయోసిమిలర్‌ని, అంటే దానికి దాదాపు నకలు లాంటి మందుని, 2007లో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది. దాంతో ధర మనవాళ్లకి కాస్త అందుబాటులోకి వచ్చింది. ఎం.ఎస్.కని లేబుల్ మీద ఉండదు, అయినా స్వీడన్‌లోనూ మన దగ్గరా న్యూరాలజిస్టులు విరివిగా వాడుతున్నారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎం.ఎస్. కోసం దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మొత్తం తుడిచేయడానికీ, అసలు ముట్టుకోకపోవడానికీ మధ్యలో ఉన్న మెట్టు ఇది. ఈ మెట్టు త్వరగా ఎక్కితే చాలామందికి పై మెట్టు అవసరమే పడదని నా అభిప్రాయం.

ఒక హెచ్చరిక. కీమో లేకుండా, రెండు గంటల్లో స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తాం, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు అంటారు కొన్ని చోట్ల. లక్షలు తీసుకుంటారు. అది ఇది కాదు. పేరొక్కటే కలుస్తుంది. నాగలి లేకుండా కలుపు మీద విత్తనం చల్లితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? అలాంటి ఇంజెక్షన్లని అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లో తప్ప ఇవ్వకూడదని 2017 నాటి ఐ.సి.ఎమ్.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలే చెబుతున్నాయి. ట్రయల్ అయితే పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే లేచి వచ్చేయండి.

ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పండి బాబూ. వాళ్ల చెల్లెలికి రిటుక్సిమాబ్ మొదలుపెట్టాక రెండేళ్లుగా అటాక్ లేదట, ఎమ్మారై కూడా అలాగే ఉందట, అయినా మార్పిడి చేయిస్తే ఇంకా మంచిదా అని. వద్దు బాబూ. దాడి ఆగే ఉంది కదా. ఆగిన దాడిని ఆపడానికి ఆ అమ్మాయిని ఆ గదిలో పెట్టొద్దు. ఆర్నెల్లకోసారి ఇంజెక్షన్ తప్పకుండా, ఏడాదికోసారి ఎమ్మారై, అంతే.

చివర కుర్చీలో అమ్మగారు. మా వారు పన్నెండేళ్లుగా వీల్‌చెయిర్‌లో ఉన్నారు, అటాక్‌లు ఎప్పుడో ఆగిపోయాయి, ఇల్లు అమ్మైనా చేయిస్తాం అంటున్నారు. అమ్మా, ఇల్లు అమ్మకండి. ఆయన దశలో ఈ చికిత్స లాభం చేయదు, ప్రమాదం మాత్రం చిన్నవాళ్లకంటే ఎక్కువ. చేయాల్సింది వేరే ఉంది. కాళ్లు బిగుసుకుపోతున్నాయా? రాత్రిళ్లు నిద్ర పట్టనిస్తున్నాయా? ఆ బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మోతాదు ఎవరైనా ఈ మధ్య సరిచేశారా? మూత్రం పూర్తిగా అవుతోందా, లోపల మిగిలిపోతోందా? ఒక స్కాన్‌తో తెలుస్తుంది. ఆయనకి తరచూ జ్వరం వస్తోందన్నారు, అది బహుశా మూత్రంలో ఇన్ఫెక్షనే. అది తగ్గితే చేతుల్లో బలం కూడా కొంత తిరిగొస్తుంది, చాలామందిలో చూశాను. నడుము కింద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిల్లేలా చూడండి. వైకల్య సర్టిఫికెట్ తీసుకున్నారా? తీసుకోలేదా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎం.ఎస్. పేరు పెట్టి మరీ ఉందమ్మా, వెంటనే దరఖాస్తు పెట్టండి. మీటింగ్ అయ్యాక రిపోర్టులు పట్టుకుని నా దగ్గరికి రండి, ముందు ఆ మూత్రం సంగతి చూద్దాం.